మోయడం వేరు, నిలబెట్టడం వేరు
(లార్జ్ ఫార్మాట్ కెమెరాకి ట్రైపాడ్ హెడ్ ఎంచుకోవడం ఎలా)

పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే, మా ఊళ్ళో పాత సినిమా హాలు కూలగొడుతున్నారని తెలిసింది. అమ్మానాన్న పెళ్ళయ్యాక చూసిన మొదటి సినిమా అక్కడే. నేను పుట్టాక చూసిన మొదటిది కూడా అక్కడే. పండగ అయిపోగానే పని మొదలంట. నాలుగు రోజులే టైమ్.

మా బాబాయి దగ్గర ఒక 4×5 కెమెరా ఉంది. ఫిల్మ్ రోజుల్లో హైదరాబాద్‌లో హోటళ్ళకి, బిల్డర్ల బ్రోచర్లకి దానితోనే ఫోటోలు తీసేవాడు. అడిగితే ఇచ్చాడు. ఒక హోల్డర్, అందులో రెండు ఫిల్మ్ షీట్లు. ట్రైపాడ్ కాళ్ళు ఉన్నాయి కానీ పైన ఉండాల్సిన హెడ్ లేదు, ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాడు. నా దగ్గర ఉన్న బాల్ హెడ్ పెట్టుకుంటానన్నాను.

"పది కేజీలు మోస్తుంది బాబాయ్, బాక్స్ మీద రాసుంది. కెమెరా మూడు కేజీలు కూడా లేదు కదా."

"మోస్తుంది రా. నిలబెడుతుందా?"

అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. రెండు షీట్లూ పోయాక అర్థమైంది. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క మాటకి వివరణ అనుకోండి. ఫిల్మ్ మీద ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళు మన కాలేజీలో పదిమందైనా ఉన్నారు. నేను చేసిన తప్పు వాళ్ళు చేయకూడదని రాస్తున్నా.

ముందు కెమెరా సంగతి

లార్జ్ ఫార్మాట్ అంటే ఒక్కో ఫోటోకి ఒక్కో పెద్ద ఫిల్మ్ షీట్ వాడే కెమెరా. మామూలుగా 4×5 అంగుళాలు, ఇంకా పెద్దదైతే 8×10. 4×5 షీట్ మీద బొమ్మ పడే చోటు, మామూలు 35 ఎంఎం ఫ్రేమ్ కన్నా దాదాపు 13 రెట్లు ఉంటుంది. ముందు లెన్స్ ఉన్న పలక, వెనక గాజు ఉన్న పలక, మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతలు పడే బెల్లోస్. ముందు పలకని పైకి, కిందికి, పక్కకి జరపొచ్చు, వంచొచ్చు. ఎత్తైన బిల్డింగ్ తీసేటప్పుడు కెమెరా ముక్కు పైకెత్తకుండా, లెన్స్ ఒక్కదాన్నే పైకి జరిపితే చాలు. గోడలు పైకెళ్ళేకొద్దీ దగ్గరకి వాలిపోకుండా నిలువుగా నిలబడతాయి.

ఒక్కో షీట్ కొన్ని వందల రూపాయలు. ఫోన్‌లో లాగా ఇరవై తీసి ఒకటి ఉంచుకునే వ్యవహారం కాదు.

హెడ్ మీద ఇంత పట్టింపు ఎందుకు

ఈ కెమెరా వాడే వరస చూడండి. నల్లగుడ్డ కప్పుకుని వెనక గాజు మీద బొమ్మ చూస్తాం. అది తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. ఫ్రేమ్ సెట్ చేసి, ఫోకస్ చేసి, హెడ్ బిగిస్తాం. లెన్స్ షట్టర్ మూస్తాం. తర్వాత గాజు పలకని స్ప్రింగ్ మీద కొంచెం వెనక్కి లాగి, సందులోకి ఫిల్మ్ హోల్డర్ తోస్తాం. హోల్డర్ మీదున్న డార్క్ స్లైడ్ బయటికి లాగుతాం. అప్పుడు క్లిక్.

గమనించారా? హోల్డర్ పెట్టిన క్షణం నుంచి మనకేమీ కనిపించదు. కెమెరాని తోసేదీ లాగేదీ మాత్రం సరిగ్గా ఆ కనపడని టైమ్‌లోనే. ఫ్రేమ్ సేవ్ చేశాం అనుకుని కళ్ళు మూసుకుని ప్రోగ్రామ్ రన్ చేసినట్టు. మధ్యలో హెడ్ ఒక్క డిగ్రీ వాలినా ఏ ఎర్రర్ మెసేజ్ రాదు. ఫిల్మ్ కడిగిన రోజే తెలుస్తుంది.

ఆ ఒక్క డిగ్రీ ఎంత? 4×5కి సాధారణంగా వాడే 150 ఎంఎం లెన్స్‌తో, ఒక డిగ్రీ వాలితే ఫిల్మ్ మీద బొమ్మ 2.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. దాన్ని 8 రెట్లు పెంచి ప్రింట్ వేస్తే 2 సెంటీమీటర్లు. నా మొదటి షీట్‌లో సుమారు మూడు డిగ్రీలు వాలింది, అంటే ఫిల్మ్ మీద దాదాపు 8 మిల్లీమీటర్లు. కెమెరా ముక్కు కిందికి వాలితే ఫ్రేమ్‌లో రోడ్డు ఎక్కువ వస్తుంది, పైభాగం తెగుతుంది. హాలు పేరు రాసిన బోర్డు సగం తెగిపోయింది.

"ఫోటోషాప్‌లో సరిచేయొచ్చు కదా" అని రూమ్మేట్ అన్నాడు. వంకరని సరిచేయొచ్చు. ఫిల్మ్ మీద పడనిదాన్ని ఏ ఫోటోషాప్ తెస్తుంది?

ఇంకోటి, ఎక్స్‌పోజర్ టైమ్. లోతంతా ఫోకస్‌లో ఉండాలని ఎఫ్/22, ఎఫ్/32 దగ్గర తీస్తాం కాబట్టి సాయంత్రం వెలుగులో ఒక సెకను, రెండు సెకన్లు మామూలే. అంతసేపూ కెమెరా కదలకూడదు. బెల్లోస్ గాలికి తెరచాప లాంటిది. కాళ్ళు ఎంత గట్టివైనా, కెమెరాకీ కాళ్ళకీ మధ్య ఉన్న కీలు ఊగితే అంతా ఊగినట్టే. హెడ్ అంటే ఆ కీలే.

బాక్స్ మీద అంకె ఎందుకు మోసం చేస్తుంది

"10 కేజీలు" అనే అంకెని ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. పైగా బరువు నిట్టనిలువుగా హెడ్ మధ్యలో కూర్చుంటే ఎంతైనా మోస్తుంది. ఇటుకని అరచేతిలో పెట్టుకోవడానికీ, అదే ఇటుకని కర్ర చివర కట్టి కర్రని అడ్డంగా పట్టుకోవడానికీ ఎంత తేడా? హెడ్‌కి అసలు పరీక్ష రెండోది. దాని పేరు టార్క్, ఇంటర్ ఫిజిక్స్‌లో అందరం బట్టీ పట్టిందే.

లెక్క చూద్దాం. చిన్న లెన్స్ ఉన్న డీఎస్ఎల్ఆర్ 1.5 కేజీలు అనుకుందాం. దాని సెంటర్ ఆఫ్ గ్రావిటీ (తెలుగు మీడియం ఫ్రెండ్ చెప్పాడు, గరిమనాభి అనాలట) హెడ్ తిరిగే బిందువుకి 9 సెం.మీ. పైన ఉందనుకోండి. 20 డిగ్రీలు ముందుకి వంచితే టార్క్ = 1.5 × 9.8 × 0.09 × సైన్ 20° = దాదాపు 0.45 న్యూటన్ మీటర్లు.

ఇప్పుడు బాబాయి కెమెరా. లెన్స్‌తో 2.8 కేజీలు. పొడుగు మనిషి కాబట్టి గరిమనాభి 16 సెం.మీ. పైన. బెల్లోస్ చాపి లెన్స్ ముందుకెళ్తే అది ఇంకో 5 సెం.మీ. ముందుకి జరుగుతుంది. అదే 20 డిగ్రీల వంపుకి లెక్కేస్తే దాదాపు 2.8 న్యూటన్ మీటర్లు.

బరువు రెండు రెట్లు కూడా పెరగలేదు. టార్క్ ఆరు రెట్లు అయింది. అసలు వంచకుండా లెవెల్‌గా పెట్టినా, ఆ 5 సెం.మీ. వల్లే దాదాపు 1.4 ఉంటుంది. దానిమీద మనం హోల్డర్ తోసే బలం అదనం. బాక్స్ మీద అంకె చూసి నేను లెక్కేసింది మొదటి బరువు, నా హెడ్ మీద పడింది రెండో టార్క్. బాబాయి చెప్పిన మోయడానికీ నిలబెట్టడానికీ తేడా ఇదే.

ఏ రకం హెడ్ ఎలా పనిచేస్తుంది

బాల్ హెడ్: ఒక గుండు, దాన్ని పట్టుకునే గిన్నె, ఒక నాబ్. నాబ్ వదిలితే అన్ని దిక్కులూ ఒకేసారి వదిలేస్తుంది. చిన్న కెమెరాకి ఇది హాయి. పెద్ద కెమెరాకి ఇదే గండం. ముందువెనకలు సరిచేద్దామని వదిలితే పక్కవాలు చెడిపోతుంది, అది సరిచేస్తుంటే మొదటిది పోతుంది. ఒక గ్లోబల్ వేరియబుల్‌ని నాలుగు ఫంక్షన్లు మార్చేస్తుంటే డీబగ్ చేయడం లాంటిది. పైగా బిగించేటప్పుడు గుండు కాస్త తిరుగుతుంది, చేయి తీశాక కెమెరా కాస్త దిగుతుంది. తప్పక ఇదే వాడాలంటే గుండు పెద్దది తీసుకోండి. 40 మిల్లీమీటర్లకి పైన, 50 దగ్గరుంటే ఇంకా మేలు. గుండు బిగువుని ముందే సెట్ చేసుకునే ఫ్రిక్షన్ నాబ్ విడిగా ఉండాలి. కెమెరా కూడా కేజీన్నర లోపుండే మడత చెక్క కెమెరా అయితే నడుస్తుంది.

త్రీ-వే హెడ్: మూడు దిక్కులకి మూడు లాకులు. చుట్టూ తిరగడం, ముందుకి వెనక్కి వంగడం, పక్కకి వాలడం. ఒకటి వదిలితే మిగతా రెండూ కదలవు. ఒకసారికి ఒక్క వేరియబుల్ మార్చడం అన్నమాట. 4×5 మొదలుపెట్టేవాళ్ళకి డబ్బుకి తగ్గ హెడ్ ఇదే. రెండు చిక్కులున్నాయి. హ్యాండిళ్ళు పొడుగ్గా ఉంటాయి, నల్లగుడ్డ కింద దూరినప్పుడు గుండెకి గుచ్చుకుంటాయి. చాలామంది హెడ్‌ని వెనకది ముందుకి తిప్పి బిగించుకుంటారు. అలా తిప్పితే రెండో చిక్కు: ఈ హెడ్‌లు ఒక వైపు 90 డిగ్రీల దాకా వంగినా ఎదురు వైపు 30 డిగ్రీల దగ్గరే ఆగేవి ఎక్కువ. మీకు ఏ వైపు ఎంత కావాలో ముందే చూసుకోండి.

గేర్డ్ హెడ్: ఇందులో లాకు బదులు పళ్ళ చక్రం ఉంటుంది. నాబ్ తిప్పితే కొంచెం కొంచెంగా కదులుతుంది, ఆపితే అక్కడే ఉంటుంది. వర్మ్ గేర్ గుర్తుందా? స్క్రూ తిప్పితే చక్రం తిరుగుతుంది కానీ చక్రాన్ని తోస్తే స్క్రూ తిరగదు. అందుకే విడిగా బిగించే పని లేదు. బిగించేటప్పుడు జరిగిపోవడమనే జబ్బే లేదు. బిల్డింగ్ ఫోటోలు తీసేవాళ్ళు దీన్ని ఎందుకు ఇష్టపడతారో ఇప్పుడు తెలుస్తుంది. మాన్‌ఫ్రోటో 410 మోడల్ 1.2 కేజీలు తూగుతుంది, 5 కేజీలకి రేట్ చేసింది. దాని అన్న 405, 1.6 కేజీల బరువు, 7.5 కేజీల రేటింగ్. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే పళ్ళ మధ్య లూజు ఉందేమో చేత్తో ఊపి చూడాలి. ఈ వంశంలో రాజు ఆర్కా-స్విస్ క్యూబ్. అందులో కెమెరా కింద నుంచి కాకుండా, పైనున్న ఒక బిందువు చుట్టూ ఊయలలా వంగుతుంది, అందుకే వంచినా బరువు మరీ పక్కకి పోదు. ధర లక్ష దాటుతుంది. చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేయండి.

వీడియో హెడ్: పెళ్ళి వీడియోలు తీసే అన్నలు ఇది వెంటనే ఇస్తారు. మెత్తగా తిరుగుతుంది. కానీ పక్కవాలు సరిచేసే కీలు ఉండదు, అది కాళ్ళతోనో కింద గిన్నెతోనో చూసుకోవాలి. కొన్నిట్లో బరువుని పైకి నెట్టే స్ప్రింగ్ ఉంటుంది. మన కెమెరాకి అది సరిపోకపోతే లాక్ చేశాక కూడా నెడుతూనే ఉంటుంది. ఒక్కరోజు అవసరానికి సరే.

అసలు హెడ్ లేకుండా: ఇదీ ఒక పద్ధతే. పాతకాలం కెమెరాల్లో చాలావాటిని చెక్క ట్రైపాడ్ పైభాగానికే నేరుగా బిగించేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలం పద్ధతి అదే. గాజు పలకల మీద తీసిన ఆ ప్యాలెస్ ఫోటోలు ఒకసారి చూడండి, గోడలు ఎంత నిలువుగా ఉంటాయో. కాళ్ళ పొడుగు మార్చి లెవెల్ చేయడం, మిగతాది లెన్స్ పలకని జరిపి సర్దుకోవడం. టైమ్ పడుతుంది, కొండలూ గుట్టల మీద కష్టం. కానీ ఊగే కీలే లేదు, ఖర్చూ లేదు. 8×10 వాడేవాళ్ళలో కొందరు ఇప్పటికీ ఇలాగే చేస్తారు.

ముందు మట్టం, తర్వాతే హెడ్

ఇది నేను తాపీమేస్త్రి దగ్గర నేర్చుకున్నా అంటే నవ్వకండి. ఆయన గోడ కట్టేముందు రసమట్టం పెట్టేది అడుగు వరసకి. అది వంకరగా ఉంటే పైన ఎంత సర్దినా గోడ వంకరే.

మామూలు త్రీ-వే హెడ్‌లో చుట్టూ తిరిగే కీలు అన్నిటికన్నా కింద ఉంటుంది. ట్రైపాడ్ పైభాగం వాలుగా ఉంటే, మనం పైన కెమెరాని లెవెల్ చేసి కుడివైపు తిప్పగానే లెవెల్ పోతుంది. రొటేషన్ మ్యాట్రిక్సుల వరస మారిస్తే ఆన్సర్ మారుతుందని చదువుకున్నాం కదా, అదే ఇక్కడ కంటికి కనిపిస్తుంది. కాబట్టి వరస ఇది: కాళ్ళు సర్ది ట్రైపాడ్ పైభాగం లెవెల్ చేయండి. తర్వాత కావాల్సిన వైపు తిప్పండి. తర్వాత పక్కవాలు, చివర ముందువెనకల వాలు. ఒక్కోదాన్ని బిగించాకే తర్వాతది ముట్టుకోండి. చిన్న రసమట్టం ఒకటి జేబులో ఉంటే చాలు. వెనక పలకకి ఆనించి నిలువు చూడండి. బిల్డింగ్ ఫోటోకి ఆ పలక నిలువుగా ఉండటమే ముఖ్యం.

ప్లేట్, స్క్రూ

హెడ్ ఎంత మంచిదైనా కెమెరా దానిమీద గిర్రున తిరిగితే ఏం లాభం? రెండు సైజుల స్క్రూలుంటాయి: పావు అంగుళం, 3/8 అంగుళం. పెద్ద కెమెరాలకి 3/8 మేలు. కెమెరాకి 3/8 రంధ్రం, ప్లేట్‌కి పావు స్క్రూ ఉంటే మధ్యలో వేసే చిన్న ఇత్తడి బుష్ దొరుకుతుంది. ప్లేట్ వెడల్పుగా ఉండాలి. పైన మెత్తటి రబ్బరు కన్నా కార్క్ నయం, ఎందుకంటే రబ్బరు స్ప్రింగులా ఊగుతుంది. చెక్క కెమెరాకి స్క్రూ అవసరం కన్నా పొడుగుంటే బలవంతంగా తిప్పకండి, లోపలి బుష్‌ని పైకి పొడుస్తుంది.

కొనేముందు బాటిల్ పరీక్ష

షాపుకి లార్జ్ ఫార్మాట్ కెమెరా మోసుకెళ్ళనక్కర్లేదు. ఒక గట్టి చెక్కపట్టీ తీసుకుని ఒక చివర పావు అంగుళం రంధ్రం వేయండి. దాన్ని హెడ్ మీద అడ్డంగా బిగించండి. హెడ్ మధ్య నుంచి 30 సెం.మీ. దూరంలో, అంటే అడుగు స్కేలంత దూరంలో, నిండు లీటరు వాటర్ బాటిల్ వేలాడదీయండి. 1 × 9.8 × 0.3 = 2.94 న్యూటన్ మీటర్లు. పైన మనం లెక్కేసిన 2.8కి దాదాపు సమానం.

ఇప్పుడు పట్టీ చివర గోడ మీద ఎక్కడుందో పెన్సిల్‌తో గీత పెట్టి, అయిదు నిమిషాలు ఆగండి. దిగిందా? తర్వాత పట్టీని వేలితో తట్టండి. ఊపు ఎంతసేపటికి ఆగుతోంది? నాబ్ వదిలి మళ్ళీ బిగించి చేయి తీయండి. బిగించిన చోటే ఉందా, జరిగిందా? మూడింటికీ పాసైతే రేటింగ్ ఎంత రాసున్నా పర్లేదు.

నా పది కేజీల హెడ్‌కి హాస్టల్‌లో ఈ పరీక్ష పెట్టాను. అయిదు నిమిషాలు కూడా అక్కర్లేకపోయింది. చేయి తీయగానే బాటిల్ కిందికి వంగి నమస్కారం పెట్టింది.

ఎవరికి ఏది

చెక్క 4×5తో కొండలెక్కేవాళ్ళకి: పెద్ద గుండు బాల్ హెడ్, లేదా తేలిక త్రీ-వే. బిల్డింగులు, గుళ్ళు, టేబుల్ మీద వస్తువులు తీసేవాళ్ళకి: గేర్డ్ హెడ్, బడ్జెట్ లేకపోతే గట్టి త్రీ-వే. 8×10కి: పెద్ద త్రీ-వే, లేదా నేరుగా చెక్క ట్రైపాడ్. దేనికైనా బడ్జెట్‌లో ముందు గట్టి కాళ్ళు, వెంటనే హెడ్. లెన్స్ తర్వాత మార్చుకోవచ్చు.

ఆన్సెల్ ఆడమ్స్ "మూన్‌రైజ్, హెర్నాండెజ్" ఫోటో కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 1941 నవంబర్ 1 సాయంత్రం, న్యూ మెక్సికోలో, కారు పైనున్న ప్లాట్‌ఫామ్ మీద 8×10 కెమెరా పెట్టి, ఎఫ్/32 దగ్గర ఒక సెకను ఇచ్చాడు. హోల్డర్ తిప్పి రెండోది తీసేలోపే సిలువల మీద ఎండ వెళ్ళిపోయింది. ఆయనకి దక్కింది ఒక్క షీట్. ఆ ఒక్క సెకనూ కెమెరా ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది.

నాకు రెండు షీట్లున్నాయి. మొదటిది వాలింది, చెప్పాను. అది అప్పటికి తెలీదు కానీ, గాజు మీద మళ్ళీ చూస్తే ఫ్రేమ్ జరిగి ఉండటంతో అనుమానమొచ్చింది. మళ్ళీ సర్ది, ఈసారి ఒళ్ళంతా బలం పెట్టి నాబ్ బిగించాను. ఆ బిగింపులోనే గుండు పక్కకి తిరిగింది. నేను ముందువాలు మాత్రమే చూసుకున్నా. రెండో షీట్‌లో బోర్డు మొత్తం వచ్చింది కానీ హాలు తాగినవాడిలా కుడివైపు ఒరిగింది. తిప్పి సరిచేస్తే మూల తెగుతుంది, ఆ మూలలోనే టికెట్ కౌంటర్ ఉంది. ఎండ దిగిపోయింది. మూడో షీట్ లేదు.

మళ్ళీ వెళ్ళేసరికి అక్కడ రేకులు కట్టేశారు.

బాబాయికి రెండు నెగెటివ్‌లూ చూపించాను. తిట్టలేదు. వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి, "బోర్డు చదవొచ్చులే రా" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గర సెకండ్‌హ్యాండ్ త్రీ-వే హెడ్ ఉంది. బరువు ఎక్కువ, రంగు పోయింది, ఒక హ్యాండిల్ కొంచెం వంకర. బాటిల్ పరీక్ష పాసైంది. మీ ఊళ్ళో కూడా కూలిపోబోయే హాలో, పాత బడో, నీళ్ళ ట్యాంకో ఉంటే చెప్పండి, హెడ్ ఇస్తాను. చెక్కపట్టీ కూడా ఇస్తా. బాటిల్ మాత్రం మీరే తెచ్చుకోండి.